పైలట్ల విశ్రాంతి నిబంధనలు - విమానాల రద్దు: పూర్వాపరాలు

వెంకటాచలం (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా): 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సంస్థ విమానాలు దేశమంతటా పెద్ద సంఖ్యలో రద్దయిన విషయం విదితమే. ప్రయాణీకుల విమానాలు నడిచే విమానాశ్రయం లేని నెల్లూరు జిల్లాకు ఈ వ్యవహారంతో సంబంధమేమిటని ఎవరైనా అడుగవచ్చు. సంబంధం ఉన్నది. జాతీయ రహదారి 16 పై గల వెంకటాచలం నుండి విమానం ఎక్కవలసిన వారు దక్షిణంగా 160 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి చెన్నైకి గానీ, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు గానీ చేరుకోవలసి ఉన్నది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి, వెంకటాచలంలోని ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రానికి దూర ప్రాంతాల నుండి వచ్చే విద్వాంసులకు, కృష్ణపట్నం రేవు పనులపై వచ్చే ఇంజనీర్లకు కూడా ఇదే దారి. ఇంటి నుండి తెల్లవారక ముందే బయలుదేరి మూడు గంటలు ప్రయాణం చేసిన వ్యక్తికి, విమానాశ్రయం ద్వారం వద్ద విమానం రద్దయినదని తెలిస్తే, నగరవాసి వలె ఇంటికి వెళ్లి మరునాడు రావడం సాధ్యపడదు. గల్ఫ్ దేశాలలో ఉద్యోగానికి నిర్ణీత తేదీన చేరవలసిన వారి విషయంలో ఈ నష్టం ఒక్క రోజుతో పోయేది కాదు.

ఈ సంఘటనకు కారణంగా "పైలట్ల కొరత" అన్న మాట పత్రికలలోను, ప్రసార మాధ్యమాలలోను విస్తృతంగా వాడబడింది. ఆ మాట పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పు కూడా కాదు. పాత్రికేయ మిత్రులకు, ప్రయాణీకుల ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశ్యంతో పూర్వాపరాలు ఇక్కడ వివరించడమైనది.

డిసెంబరులో జరిగినది

డిసెంబరు 2వ తేదీ నుండి ఇండిగో విమానాల ఆలస్యాలు, రద్దులు ఒక్కసారిగా పెరిగాయి. 5వ తేదీ ఒక్క రోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) లెక్కల ప్రకారం డిసెంబరు 3 నుండి 5 వరకు మూడు రోజులలో 2,507 విమానాలు రద్దు కాగా 1,852 విమానాలు ఆలస్యంగా నడిచాయి. మూడు లక్షలకు పైగా ప్రయాణీకులు చిక్కుకుపోయారు. శంషాబాద్, విశాఖపట్నం, గన్నవరం, రేణిగుంట విమానాశ్రయాలలోనూ రద్దులు తప్పలేదు. శంషాబాద్‌లో కొచ్చి వెళ్లవలసిన అయ్యప్ప భక్తులు నిరసనకు దిగారు. దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్-చెన్నైతో సహా పలు మార్గాలలో ప్రత్యేక రైళ్లను నడిపింది.

దేశీయ ప్రయాణీకులలో దాదాపు మూడింట రెండు వంతుల మందిని ఒకే సంస్థ చేరవేస్తున్నందున, ఆ సంస్థ విమానాలు ఆగిన మరుక్షణం మిగిలిన సంస్థల టికెట్ ధరలు ఆకాశాన్నంటాయి. కేంద్ర ప్రభుత్వం డిసెంబరు 6న తాత్కాలికంగా గరిష్ఠ ఛార్జీలను నిర్ణయించవలసి వచ్చింది. 500 కిలోమీటర్ల లోపు దూరానికి రూ. 7,500, 1,000 కిలోమీటర్ల వరకు రూ. 12,000, 1,500 కిలోమీటర్ల వరకు రూ. 15,000, ఆ పైన రూ. 18,000 పరిమితిగా ప్రకటించింది.

నిబంధనలు ఏమి చెబుతున్నవి?

పైలట్ ఎన్ని గంటలు విధిలో ఉండవచ్చు, ఎన్ని గంటలు విమానం నడపవచ్చు, ఎంత విశ్రాంతి తీసుకోవాలి అన్న అంశాలను నిర్దేశించే నిబంధనలను విమాన విధి కాల పరిమితి నిబంధనలు (ఎఫ్.డి.టి.ఎల్.) అని వ్యవహరిస్తారు. డి.జి.సి.ఎ. 2024 జనవరి 8న వీటిని సవరించింది. సవరణలలో ముఖ్యమైనవి మూడు. వారపు నిరంతర విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది. రాత్రి విధి అనగా అర్ధరాత్రి నుండి ఉదయం 5 గంటల వరకు అన్న నిర్వచనం ఉదయం 6 గంటల వరకు పొడిగించబడింది. రాత్రి విధిలో ఉన్న పైలట్ చేయదగిన ల్యాండింగ్‌లు ఆరు నుండి రెండుకు తగ్గాయి. వీటితో పాటు, రాత్రి వేళలలోకి వచ్చే విధికి గరిష్ఠంగా 8 గంటల విమాన సమయం, 10 గంటల విధి సమయం అన్న పరిమితి కూడా ఉన్నది.

రాత్రి నిర్వచనంలో ఒక గంట పెరిగితే ఏమవుతుందని తేలికగా అనిపించవచ్చును గానీ, అసలు మెలిక అక్కడే ఉన్నది. పైలట్ విధి సమయం విమానం ఎగిరిన క్షణం నుండి లెక్కించబడదు. విమానాశ్రయంలో హాజరు వేసిన క్షణం నుండి లెక్కించబడుతుంది. బయలుదేరడానికి సుమారు గంట ముందు సిబ్బంది హాజరు కావలసి ఉంటుంది కనుక, ఉదయం 6.30 గంటలకు బయలుదేరే విమానం పైలట్ 5.30 గంటలకే విధిలో ఉంటాడు. పాత నిర్వచనం ప్రకారం అది పగటి విధి. కొత్త నిర్వచనం ప్రకారం అది రాత్రిని తాకిన విధి. ఒక్క కలం పోటుతో తెల్లవారుజాము విమానాలన్నీ కఠిన పరిమితుల కిందకు వచ్చాయి. వ్యాపార పనులపై వెళ్లి సాయంత్రానికి తిరిగి రాదలచిన వారు ఎక్కువగా ఎంచుకునే విమానాలు ఇవే. అంతకు ముందు చెన్నై-హైదరాబాద్-చెన్నై-బెంగుళూరు అని మూడు నాలుగు ల్యాండింగ్‌లు చేయగలిగిన ఇద్దరు పైలట్ల జట్టు, ఇప్పుడు రెండింటితో ఆగవలసి ఉంటుంది. మూడవ ప్రయాణానికి మరొక జట్టు కావాలి.

విశ్రాంతి ఎందుకు అవసరమైనది?

మానవ శరీరంలో అప్రమత్తత అతి తక్కువగా ఉండే సమయం తెల్లవారుజామున 2 నుండి 6 గంటల మధ్య అని వైమానిక వైద్యులు నిర్ధారించారు. పాత నిర్వచనం ఉదయం 5 గంటలకే ముగియడం వల్ల ఈ ప్రమాదకర సమయంలోని చివరి గంట లెక్కలోనికి రాలేదు.

ఆ గంట విలువ ఏమిటో 2010 మే 22న మంగుళూరులో తెలిసింది. దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం 6 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. ఎనిమిది మంది మాత్రమే బ్రతికారు. కాక్‌పిట్ ధ్వని ముద్రణ యంత్రంలో నమోదైన 2 గంటల 5 నిమిషాలలో 1 గంట 40 నిమిషాల పాటు కెప్టెన్ నిద్రలో ఉన్నట్లు విచారణలో వెల్లడైంది. సరైన స్థితిలో లేని ల్యాండింగ్ ప్రయత్నాన్ని విరమించకపోవడం ప్రత్యక్ష కారణం కాగా, నిద్ర నుండి లేచిన వెంటనే ఉండే మందకొడితనం దానికి తోడైనదని విచారణ సంఘం భావించింది. ఆ విమానంలో ప్రయాణిస్తున్న వారిలో అత్యధికులు గల్ఫ్‌లో పని చేసి ఇళ్లకు తిరిగి వస్తున్నవారే. విమానం రద్దయినప్పుడు నష్టపోయే వర్గమూ, పైలట్ అలసిపోయినప్పుడు ప్రాణాలు కోల్పోయే వర్గమూ వేరు వేరు కావన్న సంగతి వార్తలు వ్రాసే సమయంలో తరచుగా మరుగున పడుతున్నది.

అమెరికాలోనూ ఇటువంటి అనుభవమే ఉన్నది. 2009 ఫిబ్రవరిలో బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించిన పిమ్మట, సహ పైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలని 2013లోను, కొత్త విశ్రాంతి నిబంధనలు 2014 జనవరి నుండి అమలులోనికి తేవడం జరిగింది. అక్కడి చిన్న సంస్థలు పైలట్లు దొరకక ఇబ్బందులు పడ్డాయి. అయినను నిబంధనలు కొనసాగాయి.

మన దేశంలో మాత్రం ఈ నిబంధనల ప్రస్థానం వాయిదాలతో నిండి ఉన్నది. 2007లో జారీ చేసిన నిబంధనలను విమాన సంస్థల అభ్యర్థనలపై 2008లో నిలిపివేశారు. మంగుళూరు ప్రమాదం తరువాత 2011లో నూతన నిబంధనలు వచ్చాయి. 2024 జనవరి నాటి సవరణలు అదే ఏడాది జూన్ 1 నుండి అమలు కావలసి ఉండగా వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించిన మీదట, కొన్ని నిబంధనలు 2025 జూలై 1 నుండి, మిగిలినవి నవంబరు 1 నుండి అమలు చేసేలా కాలపట్టిక ఖరారైంది. అనగా నవంబరు 1 అన్న తేదీ ఏ సంస్థకూ హఠాత్తుగా వచ్చి పడినది కాదు. నెలల ముందే తెలిసిన తేదీ.

65 మంది లోటు

ఇండిగో డి.జి.సి.ఎ.కు సమర్పించిన వివరాల ప్రకారం ఎ320 విమానాలకు 2,422 మంది కెప్టెన్లు అవసరం కాగా 2,357 మంది ఉన్నారు. లోటు 65. సహ పైలట్లు, అనగా ఫస్ట్ ఆఫీసర్లు 2,153 మంది అవసరం కాగా 2,194 మంది ఉన్నారు. వీరు 41 మంది అదనమే. నూటికి మూడు వంతులు కూడా లేని లోటుతో దేశంలోని అతి పెద్ద విమాన సంస్థ ఎందుకు కుప్పకూలింది?

సమాధానం తలల లెక్కలో కాక గంటల లెక్కలో ఉన్నది. వారానికి 168 గంటలు. అందులో 36 గంటల విశ్రాంతి తీసివేయగా 132 గంటలు మిగులుతాయి. 48 గంటలు తీసివేస్తే 120 గంటలే మిగులుతాయి. విధులు కేటాయించగల కాలం సుమారు 9 శాతం తగ్గినట్లు. వాస్తవంలో రోజువారీ విశ్రాంతి, ఏడాదికి 1,000 విమాన గంటల గరిష్ఠ పరిమితి వంటివి కూడా ఉన్నందున ఈ లెక్క యథాతథంగా వర్తించదు. కానీ దిశ అర్థమవుతుంది. ఏ పైలటూ ఉద్యోగం మానకపోయినా, ఎవరూ సెలవు పెట్టకపోయినా, సంస్థ చేతిలోని పైలట్ గంటలు తగ్గిపోయాయి.

సరిగ్గా అదే సమయంలో అవసరమయ్యే గంటలు పెరిగాయి. శీతాకాల షెడ్యూలు 2025 అక్టోబరు 26న ప్రారంభమైంది. ఇండిగోకు వారానికి 15,014 విమానాలకు అనుమతి లభించింది. అంతకు ముందు ఏడాది శీతాకాలంతో పోల్చితే ఇది 9.66 శాతం అధికం. షెడ్యూలు పెరిగిన ఆరవ రోజున విశ్రాంతి నిబంధన పూర్తిగా అమలులోనికి వచ్చింది. నవంబరు నెలకు అనుమతించిన 64,346 విమానాలకు గాను సంస్థ నడిపినవి 59,438. ఆ నెలలో 1,232 విమానాలు రద్దయ్యాయని, అందులో 755 సిబ్బంది, విధి కాల పరిమితుల కారణంగానేనని సంస్థయే తెలియజేసింది. డిసెంబరు ఉత్పాతం డిసెంబరులో పుట్టలేదు. నవంబరు లెక్కలలోనే కనబడుతున్నది.

లోటు చిన్నదైనా ఫలితం పెద్దది కావడానికి మరొక కారణం గొలుసుకట్టు పద్ధతి. ఒక జట్టు ఉదయం నుండి మూడు నాలుగు ప్రయాణాలు చేయవలసి ఉండగా, మొదటి విమానం పొగమంచు వల్ల గానీ, సాంకేతిక లోపం వల్ల గానీ రెండు గంటలు ఆలస్యమైతే, చివరి ప్రయాణానికి ఆ జట్టు విధి సమయం చెల్లిపోతుంది. విమానం ఉంటుంది, ప్రయాణీకులు ఉంటారు, ఇంధనం ఉంటుంది. నడపడానికి చట్టరీత్యా అర్హత కలిగినవారు ఉండరు. ఇటువంటి సమయాలకై ప్రతి సంస్థ కొందరు పైలట్లను స్టాండ్‌బైగా ఉంచుతుంది. ఆ నిల్వను ఖర్చుగా భావించి తగ్గించుకున్న సంస్థకు, ఒక నగరంలోని ఆలస్యం సాయంత్రానికి పది నగరాలకు పాకుతుంది. మరునాడు పైలట్లు ఒక నగరంలో, వారు నడపవలసిన విమానం మరొక నగరంలో ఉండే పరిస్థితి ఏర్పడుతుంది. డి.జి.సి.ఎ. విచారణ సంఘం సైతం సిబ్బందిని, విమానాలను మితిమీరి వినియోగించుకొనే ధోరణిని, నిబంధనల అమలుకు తగిన సన్నద్ధత లేకపోవడాన్ని, సాఫ్ట్‌వేర్ లోపాలను, యాజమాన్య వ్యవస్థలోని లోటుపాట్లను కారణాలుగా పేర్కొన్నది.

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామమోహన్ నాయుడు డిసెంబరు 8న రాజ్యసభలో మాట్లాడుతూ, సిబ్బంది రోస్టరు, అంతర్గత ప్రణాళికలలోని సమస్యల వల్లనే ఈ పరిస్థితి ఏర్పడిందని తెలియజేశారు. అంతకు ముందే, డిసెంబరు 5న, ఎ320 పైలట్ల విషయంలో రాత్రి విధి నిర్వచనం, ల్యాండింగ్‌ల పరిమితి నుండి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 వరకు ఒక పర్యాయపు మినహాయింపు ఇవ్వడం జరిగింది. తరువాత సంస్థ షెడ్యూలులో 10 శాతం కోత విధించారు. 2026 జనవరి 17న డి.జి.సి.ఎ. రూ. 22.20 కోట్ల జరిమానా విధించి, రూ. 50 కోట్ల బ్యాంకు గ్యారంటీ సమర్పించవలసినదిగా ఆదేశించింది. ప్రయాణీకులను తక్షణం గమ్యం చేర్చడానికి మినహాయింపు అవసరమై ఉండవచ్చు. అయితే విశ్రాంతి నియమమే సడలించబడి షెడ్యూలు నిలబడినదన్న పైలట్ల సంఘాల ఆక్షేపణను కూడా తోసిపుచ్చడానికి వీలులేదు.

కెప్టెన్ తయారు కావడానికి పట్టే కాలం

లోటు 65 మందే అయినప్పుడు నియమించుకోవచ్చు గదా అన్న ప్రశ్న సహజం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు భౌతిక, గణిత శాస్త్రాలతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత, 18 సంవత్సరాల వయస్సు, 200 గంటల విమాన అనుభవం అవసరం. లైసెన్సు వచ్చిన తరువాత ఎ320 వంటి నిర్దిష్ట విమానంపై టైప్ రేటింగ్ శిక్షణ పొంది సహ పైలట్‌గా చేరాలి. కెప్టెన్ కావలెనన్న 1,500 గంటల అనుభవంతో కూడిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్టు పైలట్ లైసెన్సు ఉండాలి. ఆపై సంస్థ నిర్వహించే కమాండ్ శిక్షణ, పరీక్షలు. ఒక విద్యార్థి శిక్షణ కేంద్రంలో చేరిన నాటి నుండి ఎడమ సీటులో కూర్చునే నాటికి కొన్ని సంవత్సరాలు గడుస్తాయి. 65 ఏళ్లు నిండిన కెప్టెన్ పదవీ విరమణ చేయక తప్పదు. కడప, కర్నూలు వంటి విమానాశ్రయాలకు నడిచే ఎ.టి.ఆర్. విమానాల కెప్టెన్‌ను రాత్రికి రాత్రి ఎ320లో కూర్చోబెట్టడానికి కూడా వీలులేదు.

ఇక్కడ ఒక వైరుధ్యం కలదు. డి.జి.సి.ఎ. 2023లో రికార్డు స్థాయిలో 1,622 కమర్షియల్ పైలట్ లైసెన్సులు జారీ చేసింది. లక్షలాది రూపాయలు అప్పు చేసి లైసెన్సు పొంది, ఉద్యోగం కొరకు నిరీక్షిస్తున్న యువకులు ఉన్నారు. అదే సమయంలో కెప్టెన్లు చాలడం లేదు. "కొరత" అని వ్రాసే ముందు ఎవరి కొరత అని అడగడం ఉత్తమం. మన ప్రాంతంలో హైదరాబాద్‌లోని బేగంపేట కేంద్రంగా పైలట్ శిక్షణ చాలా కాలంగా జరుగుతున్నది. నూతన శిక్షణ సంస్థలకై భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఎంపిక చేసిన విమానాశ్రయాలలో కడప ఒకటి. అయితే ఈ కేంద్రాలు నేడు తయారు చేసే విద్యార్థులు రేపటి సహ పైలట్లు మాత్రమే.

ఇతర సంస్థల నుండి పైలట్లను ఆకర్షించడం మరొక మార్గం. దాని పర్యవసానాలు కూడా చూసినవే. 2023లో 43 మంది పైలట్లు నోటీసు కాలం పూర్తి చేయకుండా వెళ్లిపోవడంతో ఆకాశ ఎయిర్ ఆగస్టు నెలలో వందలాది విమానాలను రద్దు చేసుకున్నది. కెప్టెన్‌కు ఒక సంవత్సరం, సహ పైలట్‌కు ఆరు నెలల నోటీసు కాలాన్ని డి.జి.సి.ఎ. 2017లోనే నిర్దేశించింది. 2024 ఏప్రిల్‌లో విస్తారా సంస్థ విమానాలు తగ్గించినది మాత్రం కొత్త వేతన ఒప్పందంపై పైలట్ల అసంతృప్తి వల్ల. అక్కడ కొరత కన్న అలక ఎక్కువ.

ప్రయాణీకులకు, అధికారులకు

విమానం రద్దు సమాచారం కనీసం రెండు వారాల ముందు తెలుపని పక్షంలో, డి.జి.సి.ఎ. నిబంధనల ప్రకారం ప్రత్యామ్నాయ విమానం లేదా పూర్తి సొమ్ము వాపసు కోరే హక్కు ప్రయాణీకునికి ఉన్నది. 24 గంటల ముందు కూడా తెలుపనట్లయితే వాపసుతో పాటు నష్టపరిహారం లభిస్తుంది. గంట లోపు ప్రయాణమైతే రూ. 5,000, రెండు గంటల లోపైతే రూ. 7,500, ఆ పైన రూ. 10,000, లేక మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది. ప్రకృతి వైపరీత్యాలు, భద్రతాపరమైన ముప్పు వంటి సంస్థ అదుపులో లేని కారణాలకు పరిహారం వర్తించదు. రోస్టరు లోపాన్ని వాతావరణం పద్దులో వేసే అవకాశం ఉన్నందున, రద్దుకు కారణాన్ని సంస్థ నుండి లిఖితపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఆరు గంటలకు మించిన ఆలస్యానికి కూడా వేరొక విమానం గానీ, సొమ్ము వాపసు గానీ కోరవచ్చు.

రేణిగుంట నుండి హైదరాబాద్, అక్కడి నుండి కువైట్ లేక దుబాయి వెళ్లేవారు రెండు ప్రయాణాలను ఒకే టికెట్ పైన, ఒకే పి.ఎన్.ఆర్. నంబరుతో తీసుకొనుట ముఖ్యం. విడివిడిగా తీసుకున్నట్లయితే మొదటి విమానం రద్దయినందుకు రెండవ సంస్థ బాధ్యత వహించదు. ఏజెంట్లు కొన్ని వందల రూపాయలు కలిసి వస్తాయని విడి టికెట్లు ఇవ్వడం కద్దు. ఉద్యోగంలో చేరవలసిన తేదీ దగ్గరలో ఉన్నవారు ఈ తేడాను అడిగి తెలుసుకొనవలెను. చెన్నై నుండి నేరుగా వెళ్లేవారికి ఈ చిక్కు లేకపోయినా, ఇంటి నుండి బయలుదేరే ముందు విమానం స్థితిని సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకొనవలసి ఉన్నది.

విమాన సంస్థల షెడ్యూళ్లు ఏటా మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుతాయి. ఆ తేదీల తరువాతి మూడు నాలుగు వారాలలో రద్దుల సంఖ్యను, వాటి కారణాలను డి.జి.సి.ఎ. నెలవారీ నివేదికలలో పరిశీలించినట్లయితే, 2025 నవంబరు వంటి సూచనలు ముందుగానే కనబడతాయి. ప్రయాణీకుల ఫిర్యాదులను మొదట సంస్థ నోడల్ అధికారికి, అక్కడ పరిష్కారం లభించనప్పుడు కేంద్ర పౌర విమానయాన శాఖ వారి ఎయిర్ సేవ పోర్టల్‌లో నమోదు చేయవచ్చును.